పాత డ్రెస్సింగ్ టేబుల్‌కు కొత్త రంగు: గీకించే ముందు ఒక్క మాట

ప్రశ్న: మా అమ్మ పెళ్లికి మా తాతగారు చేయించిన చెక్క డ్రెస్సింగ్ టేబుల్ మా ఇంట్లో ఉంది. మధ్యలో నిలువుటద్దం, రెండు పక్కలా మూడేసి సొరుగులు. అద్దం చట్రం పైన చెక్కిన లతల్లో ఒక ముక్క ఊడిపోయింది. మొదట పాలిష్‌తో ఉండేది. 1990ల్లో ఇల్లంతా రంగులు వేయిస్తూ దానికీ పచ్చ ఎనామెల్ కొట్టించాం. ఇప్పుడది పెచ్చులు లేస్తోంది. 2021 నవంబరు వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు టేబుల్ కాళ్లు నానాయి. మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. దసరా అయ్యాక కాన్పుకు మా దగ్గరికి వస్తుంది. ఆ గదిలోనే దీన్ని తెల్లగా, కొత్తగా చేసి పెట్టాలని నా ఆశ. మావారేమో పారేసి కొత్తది కొందామంటున్నారు. వడ్రంగిని అడిగితే పాత రంగు మెషీన్‌తో గీకేసి డ్యూకో (స్ప్రే రంగు) కొడదామన్నాడు. వీడియోల్లో అయితే గీకకుండానే చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేని రంగు) వేసేస్తున్నారు. నేనే చేసుకోగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, తిరుపతి

జవాబు:

అమ్మా, మీరే చేసుకోగలరు. కానీ వడ్రంగికి ఈ రోజే ఫోన్ చేసి మెషీన్ తీసుకురావద్దని చెప్పండి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఆగే విషయం కాదు.

మీ టేబుల్ మీద ఉన్నది 1990ల నాటి పచ్చ ఎనామెల్. ఆ రోజుల్లో ఎనామెల్ రంగులకు మంచి ఛాయ రావడానికి, త్వరగా ఆరడానికి సీసం (లెడ్) ఉన్న పదార్థాలు కలిపేవారు. ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, పచ్చ రంగుల్లో ఇది ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు, మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకు ముందు వేసిన ప్రతి ఎనామెల్‌లోనూ సీసం ఉందని నేను అనను. మీ టేబుల్ మీద ఉన్నదాంట్లో లేదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ఉందనుకునే పని చేయాలి.

రంగు చెక్కను అంటిపెట్టుకుని ఉన్నంత కాలం సీసంతో పెద్ద ప్రమాదం లేదు. పొడి అయినప్పుడే ముప్పు. మెషీన్‌తో పొడిగా రుద్దితే మైదా కన్నా మెత్తటి దుమ్ము లేచి కిటికీ ఊచల మీద, పరుపు మీద, గచ్చు మీద పేరుకుంటుంది. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది. హీట్ గన్‌తో కాల్చి గీకడం ఇంకా ప్రమాదం, ఆ పొగలోనే సీసం ఉంటుంది. గర్భిణి ఒంట్లోకి చేరిన సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అని చెప్పదగిన మోతాదు లేదు. ఏ ఇంట్లో అమ్మాయి, పసిబిడ్డ పడుకుంటారో ఆ ఇంట్లో ఈ పొడి రాలనివ్వకూడదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. పద్ధతి మారిస్తే చాలు, పని హాయిగా చేసుకోవచ్చు. పాత రంగును మొత్తం తీసేయక్కర్లేదు. గట్టిగా ఉన్నదాన్ని అలాగే ఉంచి, తడిపి కొద్దిగా గరుకు చేసి, పైన ప్రైమర్‌తోనూ (రంగుకు ముందు వేసే పూత) కొత్త రంగుతోనూ కప్పేయాలి. లోపలిది లోపలే ఉండిపోతుంది.

టేకు అయితే రంగు మొత్తం తీయించి మళ్లీ పాలిష్ పెట్టించుకుంటే బాగుంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ పాలిష్ అంటేనే ఇష్టం. కానీ దానికి ఇది సమయం కాదు. బిడ్డ పెద్దయ్యాక, టేబుల్‌ను బయటికి పంపి, జాగ్రత్త తెలిసినవాళ్లతో చేయించుకోవచ్చు. ఇప్పుడు వేసే రంగు ఆ దారిని మూసేయదు.

మీవారి మాటకూ జవాబు చెప్పాలి. ఈ రోజు షాపులో మామూలు ధరకు దొరికే డ్రెస్సింగ్ టేబుళ్లు చాలావరకు పార్టికల్ బోర్డువి, అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసినవి. 2021లో మీ ఇంట్లోకి వచ్చిన నీళ్లలో అలాంటిది ఒక్క రాత్రి నిలబడి ఉంటే కింది భాగం ఉబ్బి, విచ్చుకుని, మళ్లీ మామూలు కాకుండా పోయేది. మీ తాతగారు చేయించింది అసలు చెక్క, కుసులు, అంటే చెక్కలో చెక్క దూరే నాలుకలు, దిగ్గొట్టి బిగించిన పని. నానింది, ఆరింది, ఇంకా నిలబడి ఉంది. దాన్ని పారేసి బోర్డుది కొనడం నష్టమే.

అయితే నిజంగా నిలబడి ఉందా అన్నది ముందు చూడాలి. సొరుగులన్నీ తీసేయండి. ప్రతి సొరుగు వెనక పెన్సిల్‌తో ఎడమ ఒకటి, ఎడమ రెండు అని రాసుకోండి. పాతకాలం పనిలో ఏ సొరుగు కొలత దానిదే, తారుమారైతే పట్టవు. అద్దాన్ని ఇద్దరు కలిసి విప్పి, దుప్పటి చుట్టి గోడకు నిలువుగా ఆనించండి, పడుకోబెట్టవద్దు. తర్వాత టేబుల్‌ను పక్కకు వాల్చి కాళ్ల అడుగు భాగం చూడండి. చిన్న స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడవండి. మంచి చెక్క అయితే మొన దిగదు, చిన్న గాటు పడుతుంది, అంతే. పిండిలో దిగినట్టు దిగితే ఆ మేర కుళ్లిందన్నమాట. అది లప్పంతో (పుట్టీతో) కప్పే జబ్బు కాదు. వడ్రంగితో అంత వరకు కోయించి, అదే రకం చెక్క ముక్క అతికించుకోవాలి. కోసేది కొంచెమే కాబట్టి, కోసే చోట తడిపి, చేతి రంపంతో, ఇంటి బయట కోయమనండి.

కాళ్లు చూసేటప్పుడే పురుగు సంగతీ చూడండి. గుండుసూది తలంత చిల్లులు, వాటి కింద సన్నటి పొట్టు కనిపిస్తే చెక్కను తొలిచే పురుగు. మట్టి గీతలు పాకి ఉంటే చెద. ఆ రెండూ ఒకటి కాదు. చెద నేలలోంచో గోడలోంచో వస్తుంది కాబట్టి టేబుల్‌కు మందు పూసి ఊరుకుంటే లాభం లేదు, టేబుల్ ఉన్న చోట గోడ మూలలూ చూడాలి. పొట్టు రాలే పురుగైతే ఆ చిల్లుల్లోకి చెక్క మందును సిరంజితో ఎక్కించి, చిల్లులు మూసి, కొన్నాళ్లు చూడాలి. కొత్తగా పొట్టు రాలకపోతేనే రంగు జోలికి వెళ్లండి. మందు పని ఇంట్లో వద్దు, మిద్దె పైనో వరండాలోనో చేయండి. కుసులు వదులై టేబుల్ ఊగుతుంటే ఇప్పుడే ఫెవికాల్ వేసి తాడుతో బిగించి ఒక రోజు వదిలేయండి. రంగు వేశాక బిగిస్తే కీలు దగ్గర రంగు పగులుతుంది.

ఇక కడగడం. వీడియోల్లో ఈ భాగాన్ని అర నిమిషంలో దాటేస్తారు. రంగు నిలిచేదీ ఊడేదీ ఇక్కడే తేలుతుంది. మీ టేబుల్ పై పలక మీద మూడు తరాల కొబ్బరి నూనె ఉంది. సీసా పెట్టిన చోట గుండ్రటి మరక, దువ్వెన ఆనించిన చోట జిడ్డు, సొరుగు పిడి చుట్టూ వేళ్ల నూనె, అద్దం చట్రానికి అంటించి పీకిన బొట్టుబిళ్లల జిగురు, పౌడరు, కుంకుమ. నూనె ఉన్న చోట రంగు పరుచుకోదు. వేసిన కాసేపటికే చిన్న చిన్న గుంటలుగా విడిపోయి కింది పొర కనిపిస్తుంది. ఎన్ని కోటింగులు వేసినా ఆ గుంటలు మళ్లీ మళ్లీ వస్తాయి, ఎందుకంటే లోపం రంగులో లేదు.

గోరువెచ్చటి నీళ్లలో కాస్త చాకలి సోడా, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. గ్లవుజులు వేసుకోండి. గుడ్డ బాగా పిండి తుడవండి, చెక్క మీద నీళ్లు పారించవద్దు. పెచ్చులు లేచిన చోట గట్టిగా రుద్దవద్దు, అవి తడి గుడ్డకే ఊడి వచ్చేస్తాయి. తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవండి, సోడా మిగిలినా రంగు పట్టదు. పై పలక మీద నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టు, పరుచుకుంటే పోయినట్టు. జిడ్డు వదలకపోతే ఆరాక టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. ఒక్కో గుడ్డ ఒక్కసారే, జిడ్డు పట్టిన గుడ్డతో మళ్లీ తుడిస్తే నూనెను ఇటు నుంచి అటు పూసినట్టే.

ఇక పాత రంగును గరుకు చేయడం. ఈ పనీ మీరే చేయవచ్చు. అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు వద్దు, చిన్నపిల్లలు వచ్చి పోయే ఇల్లయితే వాళ్లు లేనప్పుడు చేయండి. టేబుల్‌ను మిద్దె మీద నీడలోకి చేర్చి కింద పెద్ద ప్లాస్టిక్ షీటు పరవండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. షాపులో ఉప్పు కాగితం (శాండ్ పేపర్) రెండు రకాలుంటుంది. మీకు కావాల్సింది నీళ్లలో తడిపి వాడే నల్ల వాటర్ పేపర్, 220 నంబరు, తర్వాత 320. చెక్క ముక్కకు చుట్టుకుని, తడిపి, మెరుపు పోయేంత వరకే రుద్దండి. చెక్క కనిపించేంత వరకు రుద్దవద్దు. మీరు చూడాల్సింది ఒకటే, వెలుతురులో పక్క నుంచి చూస్తే గాజులా మెరవకుండా బూడిదగా కనపడాలి. పెచ్చు అంచులు మెట్టులా ఉంటాయి కదా, అక్కడ తడి చేస్తూ వాలుగా సరిచేయండి. అలా వచ్చే పచ్చటి బురదను ఆరనివ్వకుండా ఎప్పటికప్పుడు తడి గుడ్డతో ఎత్తేయండి. ఆ గుడ్డలు, కాగితాలు, షీటు కవర్లో మూట కట్టి చెత్తకు ఇవ్వండి. పూల కుండీల్లోకి, పెరట్లోకి పోయవద్దు. వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, చేతులు కడుక్కోకుండా కాఫీ కూడా తాగవద్దు. టేబుల్ ఇన్నాళ్లూ ఉన్న గదిలో పెచ్చులు రాలి ఉంటాయి కాబట్టి ఆ గచ్చును, కిటికీ అంచులను తడి గుడ్డతో తుడిపించండి. చీపురు వాడవద్దు.

తడిపి రుద్దాక కనీసం రెండు రోజులు గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టేరు, మన ఎండకు పలక వంగిపోతుంది, అతుకులు విచ్చుకుంటాయి.

ఆరాక చూస్తే కొన్ని మచ్చలు మిగిలి ఉంటాయి. కుంకుమ ఎరుపు, నూనె నలుపు, రంగు ఊడిన చోట చెక్క గోధుమ రంగు. తెల్ల రంగు కింద ఇవి ఊరుకోవు. వారం తిరక్కముందే పసుపు, గులాబీ మరకలుగా పైకి వస్తాయి. వీటికి మన పాత పాలిష్ మేస్త్రీల దగ్గరే మందు ఉంది. అదే లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌ను ఆ మచ్చల మీద పలచగా రెండు పూతలు పూయండి. మరకను లోపలే ఆపేస్తుంది, గంటలో ఆరుతుంది. మైనం తీసిన లక్క దొరికితే అదే తీసుకోండి, పైన వేసే పొర బాగా పట్టుకుంటుంది. స్పిరిట్ నిప్పుకు దూరంగా ఉండాలి, దీపం వెలిగే చోట ఈ పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు ప్రైమర్. ఆయిల్ వుడ్ ప్రైమర్ అర లీటరు చాలు. పాత ఎనామెల్‌నూ లక్కనూ రెండింటినీ పట్టుకునేది ఇదే కాబట్టి ఇక్కడ నీటి ప్రైమర్ కన్నా దీన్నే వేయమంటాను. పలచగా, అన్ని వైపులా, వెనక్కూ వేయండి. కాళ్ల అడుగున మాత్రం రెండు పూతలు పడాలి. చెక్క కోసిన చివర గొట్టాలు గొట్టాలుగా ఉండి నీళ్లను పైకి పీలుస్తుంది, 2021లో మీ టేబుల్ కాళ్లు నానింది అందుకే. ప్రైమర్ ఒక రాత్రి ఆరాకే లప్పం పెట్టాలి. లప్పం గుంటలకూ చిల్లులకూ మాత్రమే. టేబుల్ అంతా లప్పం రాసి నున్నగా చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, మందపు లప్పానికి ఆ సాగుడు లేదు, పలకలుగా పగులుతుంది. లప్పం పెట్టిన చోట 320తో రుద్ది, అక్కడ మళ్లీ ప్రైమర్ తాకించండి. ఈ పొరను పొడిగా రుద్దవచ్చు, కానీ చేయి తేలిగ్గా ఉండాలి, పచ్చ రంగు బయటపడకూడదు.

ఊడిపోయిన లతల ముక్క సంగతి ప్రైమర్‌కు ముందే తేల్చుకోండి. రేణిగుంట దాటి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది కదా, చెక్కలో దేవుడి విగ్రహాలు చెక్కే ఊరు. చట్రాన్ని తీసుకెళ్లి అటువైపు ఉన్న ముక్క చూపిస్తే దానికి జోడు చెక్కగలవాళ్లు అక్కడ ఉన్నారు. చట్రం మీదా పచ్చ రంగే కాబట్టి పాతదాన్ని గీకవద్దని, కొత్త ముక్క చెక్కి అతికిస్తే చాలని చెప్పండి. షాపులో దొరికే ప్లాస్టిక్ పువ్వు అతికించే కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. ఆ పనికి ఎంత తీసుకున్నా ఇవ్వండమ్మా.

ఏ రంగు వేయాలన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. వడ్రంగి చెప్పిన డ్యూకో అంటే థిన్నర్ కలిపి స్ప్రే గన్‌తో కొట్టేది. నున్నగా, అందంగా వస్తుంది, కాదనను. కానీ ఆ థిన్నర్ పాత ఎనామెల్‌ను తగిలితే అది ఉడికినట్టు ముడతలు పడుతుంది. అందుకే వాళ్లు మొత్తం గీకేద్దామంటారు. గీకడం మనకు వద్దు కాబట్టి డ్యూకో కూడా వద్దు. పైగా వాన తేమలో కొడితే పాల పొరలా తెల్లబారుతుంది.

చాక్ పెయింట్ గీకకుండా పడుతుందన్న మాట సగమే నిజం. కడగకుండా పట్టదు, మెరిసే ఎనామెల్ మీద గరుకు చేయకపోతే గోటితో గీరినా ఊడుతుంది. దాని అందం అంతా సుద్దలాంటి మెరుపు లేని పొరలో ఉంది, ఆ పొర నూనెను పీల్చుకుంటుంది. పైన మైనం రాసి కాపాడతారు. రోజూ కొబ్బరి నూనె, కుంకుమ తగిలే మన డ్రెస్సింగ్ టేబుల్‌కు, మన వేసవికి మైనం పూత సరిపోదని నా అభిప్రాయం. పుస్తకాల అలమరకైతే వేసుకోమనేవాణ్ని.

మీరు నీటితో కలిపే ఎనామెల్ తీసుకోండి. షాపులో వాటర్ బేస్డ్ ఎనామెల్ అని అడిగితే ఇస్తారు. వాసన తక్కువ, తెల్లగా వేస్తే తెల్లగానే ఉంటుంది. ఆయిల్ ఎనామెల్ తెలుపు వెలుతురు తక్కువున్న గదిలో కొన్నాళ్లకు పసుపుబారుతుంది, దాని వాసన కూడా వారాల తరబడి పోదు. డబ్బా మీద సీసం 90 పీపీఎం మించదని రాసి ఉందో లేదో చదివి మరీ కొనండి. మూత తీసిన, పేరు లేని డబ్బాలో పోసి ఇచ్చే రంగు ఎంత చవకైనా వద్దు. మీ టేబుల్‌కు రెండు కోటింగులకు లీటరు డబ్బా సరిపోతుంది.

తెలుపు అన్నారు. పాలలాంటి తెలుపు వద్దమ్మా, కాస్త మీగడ రంగు వైపు వెళ్లండి. రోడ్డు దుమ్ము, కుంకుమ, కాటుక వేళ్లు రోజూ తగిలే వస్తువు అది. పై పలకను మాత్రం ముదురు కాఫీ రంగు వేసి చూడండి. ఒంటికి మీగడ రంగు, పైన కాఫీ రంగు, ఇత్తడి పిడులు ఉంటే పాత వస్తువుకు దాని వయసుకు తగ్గ అందం వస్తుంది. పలక మీద అద్దాల షాపులో కొలతకు కోయించిన 5 మిల్లీమీటర్ల గాజు వేసుకుంటే నూనె భయమే ఉండదు. రంగు వేసిన నెల దాకా ఆ గాజు పెట్టవద్దు, పచ్చి రంగుకు అతుక్కుపోతుంది.

వేసే రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. ఎండలో నీటి రంగు కుంచె వెంటే ఆరిపోయి గీతలు పడుతుంది. నేల మీద కాసిని నీళ్లు చల్లితే దుమ్ము అణిగి ఉంటుంది. గదిలో వేస్తుంటే కిటికీలు తెరవండి, ఫ్యాన్ మాత్రం వేయకండి. చదును భాగాలకు నాలుగు అంగుళాల స్పాంజి రోలరు, మూలలకూ లతలకూ నైలాన్ కుంచె. రంగును చెక్క గీతల వెంట పొడవునా లాగండి, ఆరడం మొదలైన చోటికి మళ్లీ కుంచె తీసుకెళ్లవద్దు. చిన్న లోపం కనిపించినా వదిలేయండి, రెండో కోటింగులో సర్దుకుంటుంది. మొదటిది ఎప్పుడూ బాగుండదు, కింది ప్రైమర్ మచ్చమచ్చగా కనపడుతుంది. అది చూసి టెన్షన్ పడి మందంగా వేస్తే కారుతుంది. డబ్బా మీద రాసిన గడువు ఆగి, 400 కాగితంతో చేయి ఆనీ ఆననట్టు రుద్ది, తుడిచి, రెండోది వేయండి.

సొరుగుల ముందు పలకలకే రంగు. పక్కలకూ, అవి జారే కట్టెలకూ వేయకండి. రంగు మందం చాలు, వానాకాలం సొరుగు బిగుసుకుపోవడానికి. ఆ పక్కల మీద కొవ్వొత్తి రుద్దండి, ఎంత హాయిగా జారతాయో చూడండి. సొరుగు లోపల కొత్త కాగితం పరిస్తే చాలు.

పిడుల మీద కూడా పచ్చ రంగు ఉండే ఉంటుంది. గీకి చూడకండి. వంటకు ఎప్పటికీ వాడని పాత గిన్నెలో వేడి నీళ్లు, చాకలి సోడా వేసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నకు రంగు తొక్కలా వదులుతుంది. ఆ నీళ్లను కూడా మొక్కలకు పోయకండి. లోపల ఇత్తడి బయటపడితే శుభ్రంగా కడిగి, చింతపండు గుజ్జు, ఉప్పుతో తోమండి. పూజ సామాను తోమే చేతికి అది కొత్త పని కాదు. బాగా ఆరాక గానీ బిగించకండి.

అద్దం వెనక పూత పోయి నల్ల మచ్చలు పడి ఉంటే మార్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. అంచులు ఏటవాలుగా చెక్కిన పాత అద్దమైతే నేను మార్చను. ముఖం చూసుకునే మేర తేటగా ఉంటే చాలు. మార్చినా, ఆ చట్రం వెనక కాగితమో పలకో తప్పక కొట్టించండి, గోడ తేమ తగలకుండా.

ఇదంతా ఎప్పుడు? ఇప్పుడే. అక్టోబరు నడిమి నుంచి మనకు అసలు వానలు, డిసెంబరు దాకా ముసురు. ఆ తేమలో పని పెట్టుకుంటే ఏ పొరా సరిగ్గా ఆరదు. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగే లోపే రెండో కోటింగు అయిపోవాలి. రంగు ముట్టుకుంటే ఆరినట్టు గంటల్లోనే అనిపిస్తుంది, లోపల గట్టిపడటానికి దాదాపు నెల పడుతుంది. ఆ నెలంతా టేబుల్‌ను వేరే గదిలో, కిటికీలు తెరిచి ఉంచండి. పైన బరువు పెట్టవద్దు, తడి గుడ్డతో తుడవవద్దు. దసరా దాటాక అమ్మాయి వచ్చేసరికి వాసన కూడా పోయి ఉంటుంది. ఏ కారణం చేతనైనా ఆలస్యమై, అమ్మాయి వచ్చే రోజుకు తడిపి రుద్దే పని మిగిలిపోతే, ఆపేయండి. టేబుల్‌ను పాత దుప్పటి కప్పి వేరే చోట పెట్టి, తల్లీబిడ్డా అత్తవారింటికి వెళ్లాక మొదలుపెట్టండి. సంక్రాంతి తర్వాత వాతావరణం ఈ పనికి ఇంకా బాగుంటుంది.

గదిలోకి చేర్చాక కాళ్ల కింద రబ్బరు బుష్‌లు పెట్టండి, గచ్చు కడిగినప్పుడు చెక్క తడవదు. అద్దం చట్రం వెనక రెండు ఎల్ క్లాంపులు వేయించి గోడకు బిగించండి. ఈ ఏడాది అవసరం లేదనిపిస్తుంది గానీ, పిల్లలు నిలబడటం నేర్చుకునే వయసులో కింది సొరుగు లాగి దాని మీదికి ఎక్కుతారు. అద్దంతో సహా టేబుల్ ముందుకు వాలడానికి అంత బరువు చాలు.

స్క్రూడ్రైవర్ పరీక్షలో కాళ్లు ఒక అంగుళం కన్నా పైకి మెత్తబడి ఉంటే ప్రైమర్ డబ్బా కొనకముందే నాకు మళ్లీ రాయండి. రాసేటప్పుడు కాలు అడుగు భాగం, సొరుగు వెనక రంగు పడని చెక్క, రెండూ పగటి వెలుతురులో ఫొటో తీసి పంపండి. ఏ చెక్కో తెలిస్తే అతుకు దేంతో వేయించాలో చెప్తాను.